క్లిమ్ట్ తరహా బంగారు రేకు పని, నెల్లూరు గాలికి తగ్గట్టు

గుస్తావ్ క్లిమ్ట్ (1862–1918) ఆస్ట్రియా చిత్రకారుడు. తండ్రి బంగారు నగిషీ పనివాడు. ‘ముద్దు’ (1907–08) చిత్రంలో మగవాడి అంగీ మీద నలుపు తెలుపు దీర్ఘచతురస్రాలు, ఆడమనిషి బట్టల మీద గుండ్రాలు, పూలు. ముఖాలు, చేతులు మాత్రం సహజంగా ఉంటాయి. ఈ తేడా పాటించకుండా అంతా బంగారం అతికిస్తే మకరతోరణంలా ఉంటుంది.

అడుగు చదరం ప్లైవుడ్‌కు రెండు పూతల జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) వేసి, 320 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. ఉబ్బెత్తు చుట్టలకు మెహందీ కోన్‌లో జెస్సో నింపి గీసి, రాత్రంతా ఆరనివ్వండి. బంగారం వచ్చే చోట ఎర్రమట్టి రంగు వేస్తే, రేకు చిట్లినా తెల్లగా బయటపడదు. ముఖాలు ముందే వేసి ఉంటే టాల్కం పౌడర్ అద్దండి, లేకపోతే రేకు వాటికీ అంటుకుంటుంది.

ఇక జిగురు. నీటితో చేసిన గోల్డ్ సైజ్‌ను (రేకు అంటించే జిగురును) పలచగా పూయండి. పాలలా ఉన్నది తేటపడి, వేలి కణుపుకు పట్టీపట్టనట్టు తగలాలి. మామూలుగా 15–30 నిమిషాలు. కార్తీక ముసురులో ఇంకా ఎక్కువ. తొందరపడితే రేకు జిగురులో మునిగి మెరుపు పోతుంది. ఫ్యాన్ ఆపి, అంచు మీద అంచు కొద్దిగా ఎక్కేలా పరిచి, మెత్తటి కుంచెతో అద్దండి.

చవక రేకు నిజానికి ఇత్తడే. చేతి చెమటకు, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి నల్లబడుతుంది. నూలు గ్లౌజులు వాడండి. మర్నాడు రెండు పూతల లక్క వార్నిష్ వేసి, ఆరాకే దాని మీద నలుపు తెలుపు గళ్లు గీయండి. 24 క్యారెట్ల రేకుకు వార్నిష్ అక్కర్లేదు.