భాషా మోడళ్లు సొంతంగా నేర్చుకుందాం – 3వ భాగం: కాగితం మీద ఒక బైగ్రామ్ మోడల్

పోయిన భాగంలో సంభావ్యత లెక్కలు పాచికలతో చేశాం కదా, ఈసారి పాచికల బదులు మాటలు. ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టేదే భాషా మోడల్. కంప్యూటర్ తెరవకండి, కాగితం, పెన్ను చాలు. చాలామంది నేరుగా పైథాన్ ప్రోగ్రామింగ్‌లోకి దూకి, ఎవరో రాసిన కోడ్ నడిపి, ఏదో జవాబు వచ్చింది కదా అని ముందుకెళ్లిపోతారు. ఈ ఒక్క పాఠం మాత్రం దయచేసి చేత్తో చేయండి, మోడల్ ఎక్కడ తడబడుతుందో చేత్తో చేస్తేనే కళ్లకు కడుతుంది.

ఇది కొత్త విద్యేం కాదు. 1913లో రష్యా గణితవేత్త మార్కోవ్, పుష్కిన్ పద్యకావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వచ్చింది అని చేత్తోనే లెక్కపెట్టాడు. అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చే అవకాశం 0.128, హల్లు తర్వాత అయితే 0.663 అని తేలింది. 1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ ఇదే ఆలోచనను ఇంగ్లిష్ అక్షరాలకూ మాటలకూ వాడి, సమాచారాన్ని కొలిచే సిద్ధాంతం కట్టాడు.

ఇక మన లెక్క. ఈ నాలుగు వాక్యాలూ రాసుకోండి:

నేను రేపు ఊరికి వస్తాను
నేను రేపు ఆఫీసుకి వెళ్తాను
అమ్మ రేపు ఊరికి వెళ్తుంది
నేను ఊరికి వెళ్తాను

బైగ్రామ్ అంటే పక్కపక్కన ఉన్న రెండు మాటల జత, అంతే. వాక్యం 'నేను'తో మొదలైంది 4లో 3 సార్లు, అంటే 3/4. 'నేను' తర్వాత 'రేపు' 3లో 2 సార్లు, 2/3. 'రేపు' తర్వాత 'ఊరికి' కూడా 2/3. 'ఊరికి' తర్వాత 'వస్తాను', 'వెళ్తుంది', 'వెళ్తాను' మూడూ ఒక్కోసారి వచ్చాయి కాబట్టి ఒక్కోదానికి 1/3.

ఇప్పుడు "నేను రేపు ఊరికి వెళ్తాను" అనే వాక్యానికి సంభావ్యత కట్టండి. 3/4 × 2/3 × 2/3 × 1/3 = 1/9. ఈ వాక్యం మనం ఇచ్చిన నాలుగింటిలో లేదు, గమనించారా? అయినా మోడల్ దాన్ని ఒప్పుకుంది. నాకు ఈ విద్య మీద ఇష్టం కలిగించింది ఇదే, నాలుగు వాక్యాలు చూసి ఐదోది సొంతంగా కట్టగలగడం.

కానీ "నేను రేపు ఊరికి వెళ్తుంది" కూడా కట్టి చూడండి. అదీ 1/9 వస్తుంది! తెలుగు వచ్చిన చిన్నపిల్లలు కూడా తప్పు పట్టే వాక్యానికి సరైన వాక్యంతో సమానంగా మార్కులు పడ్డాయి. ఎందుకంటే క్రియ దగ్గరికి వచ్చేసరికి మోడల్‌కు కనిపించేది 'ఊరికి' ఒక్కటే, వాక్యం మొదట్లో 'నేను' ఉందన్న సంగతి దానికి గుర్తుండదు. మన భాషలో కర్త ముందు, క్రియ చివర, ఆ క్రియ రూపం మాత్రం కర్తను బట్టి మారాలి. మూడేసి మాటలు చూసే ట్రైగ్రామ్ కూడా ఇక్కడ గట్టెక్కించదు, 'రేపు ఊరికి' తర్వాత 'వస్తాను', 'వెళ్తుంది' రెండూ ఒక్కోసారి, సమానంగానే ఉన్నాయి. నాలుగేసి చూస్తే దొరుకుతుంది గానీ, మధ్యలో 'సాయంత్రం' అని ఒక్క మాట చేరిస్తే మళ్లీ మొదటికే. ఇప్పటి చాట్‌బాట్‌ల వెనకున్న, 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిలో ప్రతి మాటా తన ముందున్న మాటలన్నింటినీ చూడగలదు. అదెందుకు అవసరమైందో మీకిప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు, సున్నా. "అమ్మ ఊరికి వెళ్తుంది" అన్నది మంచి వాక్యమే, కానీ 'అమ్మ ఊరికి' అనే జత మన దగ్గర లేదు, దాంతో గుణకారం మొత్తం సున్నా అయిపోతుంది. దీనికి పాత మందు, ప్రతి జతకూ ఒకటి కలపడం. 'అమ్మ' తర్వాత రాగలిగినవి మన మాటలు 8, వాక్యం అక్కడే ముగిసిందనే గుర్తు ఒకటి, మొత్తం 9; ఒక్కోదానికి ఒకటి కలిపితే కింద 9 చేరుతుంది. కాబట్టి 'అమ్మ' తర్వాత 'ఊరికి' (0+1)/(1+9) = 1/10. అదే లెక్కలో 'అమ్మ' తర్వాత 'రేపు' 1 నుంచి 2/10కి పడిపోయింది చూడండి, ఈ మందు కాస్త మోటు. 1995లో వచ్చిన నేసర్–నే పద్ధతి చాలా మెరుగు, దాన్ని తర్వాత చూద్దాం.

ఇంత చిన్న లెక్క ఎక్కడ పనికొస్తుంది? నోటితో పలికిన మాటలను రాతలోకి మార్చే యంత్రాల్లో 1970లలోనే ఐబీఎమ్ కంపెనీలో జెలినెక్ బృందం ఇలాంటి మోడళ్లను వాడింది. శబ్దం వింటే రెండు మూడు మాటల్లో ఏదైనా కావచ్చు అనిపించినప్పుడు, పక్క మాటను బట్టి ఏది కుదురుతుందో మోడల్ చెబుతుంది. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసినప్పుడు 'ప', 'వ' తారుమారవుతుంటాయి. 'చేశాను' ముందు ఉన్నది 'పని'యా 'వని'యా అన్న సందేహం బైగ్రామ్‌తోనే తీరిపోతుంది.

అభ్యాసం: మీ ఫోన్‌లో మీరే పంపిన 30 చిన్న తెలుగు మెసేజ్‌లు కాగితం మీద రాసి, జతలు లెక్కపెట్టండి. వాటిలో కర్తకూ క్రియకూ మధ్య ఎన్ని మాటలు ఉన్నాయో కూడా పక్కన రాసుకోండి, 4వ భాగం ఆ అంకెలతోనే మొదలుపెడతాం.