క్యాన్సర్ అని రిపోర్టు వచ్చాక, వైద్యం మొదలయ్యేలోపు ఏం చేయాలి

రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంట్లో ఎవరి బుర్రా పనిచేయదు. ఆ రోజు పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. చాలా క్యాన్సర్లలో స్కాన్లూ మిగతా పరీక్షలూ పూర్తయ్యేదాకా డాక్టర్లే వైద్యం మొదలుపెట్టరు, అందుకు కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో మాత్రం అంత సమయం ఉండదు, ఆయాసం, ఆగని రక్తస్రావం లాంటివి ఉన్నా అంతే, వెంటనే చేర్పించాలి. మిగతావాళ్ళకి దొరికే ఆ కాస్త సమయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో మన కోనసీమ, పాలకొల్లు, భీమవరం వైపు ఇళ్ళల్లో నేను చూసినదాన్నిబట్టి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, జబ్బు ఎవరిదో వాళ్ళకి చెప్పండి. "అమ్మ తట్టుకోలేదురా, గెడ్డ అని చెబుదాం, ఆపరేషన్ చేస్తే పోతుందందాం" అని కొడుకులూ మేనమామలూ అరుగు మీద గుసగుసలాడుకోవడం మన దగ్గర మామూలే. అది ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆవిడ ఆసుపత్రి బోర్డు చదువుతుంది, వరుసలో పక్కన కూర్చున్నవాళ్ళని చూస్తుంది, మీ మొహాలు చూస్తుంది. ఆవిడకి తెలిసిపోతుంది, తెలిసినట్టు మీకు చెప్పదు, మీరు బాధపడతారని. అప్పటినుంచీ ఆ భయాన్ని ఒక్కతే మోస్తుంది. పైగా కీమోలో జ్వరం వస్తే వెంటనే చెప్పాల్సింది ఆవిడే, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆవిడే. మా పిన్నికి నిజం చెప్పాక కాసేపు ఏడ్చి, తర్వాత అడిగింది ఒక్కటే: దాళ్వా కోతలయ్యేదాకా ఆగొచ్చా అని. అలాంటి ప్రశ్న ఆవిడ మాత్రమే అడగగలదు, జవాబు కూడా డాక్టరు ఆవిడకే చెప్పాలి.

చెప్పేటప్పుడు పదిమంది చుట్టూ చేరకండి. బాగా దగ్గరివాళ్ళు ఒకరు పక్కన కూర్చుని, "ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చిందమ్మా, ఎంతవరకూ ఉందో ఇంకా చూడాలి, నీకు ఎంత తెలుసుకోవాలని ఉంటే అంత చెబుతాం" అంటే చాలు. వద్దు, మీరే చూసుకోండి అంటే అదీ ఆవిడ ఇష్టమే.

ఇక రిపోర్టు. గ్రేడ్ 3 అని కనబడగానే మూడో స్టేజీ అనుకుని కుప్పకూలిపోయేవాళ్ళున్నారు. రెండూ ఒకటి కాదు. గ్రేడ్ అంటే ఆ కణాలు మైక్రోస్కోపు కింద మామూలు కణాలకంటే ఎంత తేడాగా కనిపిస్తున్నాయన్నది. స్టేజీ అంటే జబ్బు ఒంట్లో ఎంతవరకూ పాకిందన్నది, అది చాలావరకు సీటీ, ఎమ్మారై, పెట్ స్కాన్ లాంటివి చూశాకే తేలుతుంది. రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు కూడా చేస్తారు, హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా, ఏ ఇంజెక్షన్ అవసరం అన్నది వాటిమీదే ఆధారపడుతుంది, కాబట్టి అవి రాకుండా పక్కింటావిడకి ఇచ్చిన వైద్యంతో పోల్చుకోవడం దండగ. సూది పొడిస్తే, కత్తి పెడితే పాకుతుందని భయపెట్టేవాళ్ళ మాట విని బయాప్సీ మానుకోవద్దు. ముక్క తీయకుండా ఏ రకమో సాధారణంగా తేలదు, రకం తేలకుండా మందు తేలదు.

డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి, లోపలికెళ్ళాక సగం మర్చిపోతారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: "ఈ వైద్యం పూర్తిగా నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా?" అడగడం కష్టమే. కానీ పొలం అమ్మాలా వద్దా అన్నదానికీ, ఎంత దూరం వెళ్ళాలన్నదానికీ ఆ జవాబే కావాలి. నాలుగో స్టేజీ అన్నా చేయడానికేమీ లేదని కాదు, కొన్ని రకాల్లో మందులతో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నవాళ్ళున్నారు. పిల్లలు కావాలనుకునే వయసైతే ఆ సంగతి కీమోకి ముందే అడగండి, తర్వాత అడిగితే ఆలస్యమైపోవచ్చు.

రెండో అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటం వద్దు. ల్యాబులో మైనంలో భద్రపరిచిన ముక్క ఉంటుంది, బ్లాక్ అంటారు. ఆ బ్లాకూ, స్లైడులూ, స్కాన్ సీడీలూ అడిగి తీసుకెళ్ళండి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దువ్వాడ స్టేషన్లో దిగితే దగ్గర. హైదరాబాదులో ఎంఎన్‌జే, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. అభిప్రాయానికి ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, రేడియేషన్ సంగతి మాత్రం వేరు. చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు పెడతారు, రోజూ అమలాపురం నుంచి బస్సులో వెళ్ళి రావడం ఒంటికి భారం. ఆసుపత్రి దగ్గర గది దొరుకుతుందా, చుట్టాలున్నారా అన్నది ముందే చూసుకోండి. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగులకి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టిక్కెట్టు మీద పూర్తి రాయితీ ఉంది, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం. ఆసుపత్రిలో ఫారం అడగండి.

డబ్బు విషయంలో తొందరపడి ఎకరం బేరం పెట్టేయకండి, చెరువు లీజు మీద అడ్వాన్సు తెచ్చేయకండి. చేరకముందే ఎన్టీఆర్ వైద్యసేవ (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) కౌంటర్లో రైస్ కార్డు, ఆధార్, రిపోర్టు చూపించి మీ వైద్యం అందులో వస్తుందా, ఎంతవరకూ వస్తుందో అడగండి. సొంత డబ్బు కట్టి మొదలుపెట్టాక మార్చుకోవడం చాలా తలనొప్పి. అందులో రాకపోతే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవచ్చు.

తిండి దగ్గర మనవాళ్ళు చేసే పథ్యం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నీచు మాన్పించేస్తారు, గుడ్డు వద్దంటారు, చారన్నంతో సరిపెడతారు. కీమోకి ఒంట్లో బలం కావాలి. బాగా ఉడికిన చేప, గుడ్డు, పప్పు, పెరుగు డాక్టరు వద్దనకపోతే తప్పకుండా పెట్టండి. పంచదార మానేస్తే క్యాన్సర్ మాడిపోతుందన్నది నిజం కాదు (షుగర్ జబ్బు ఉంటే వేరే సంగతి). ఆకు పసరు, పొడులు ఇస్తుంటే డాక్టరుకి చెప్పి తీరాలి, కొన్ని లివరుని పాడుచేస్తాయి, మందుతో గొడవపడతాయి. లంక పొగాకు చుట్ట, ఖైనీ అలవాటుంటే ఇప్పుడు మానేసినా లాభమే, నోటికీ గొంతుకీ రేడియేషన్ తీసుకునేవాళ్ళకి మరీను.

కీమో మొదలుపెట్టకముందే ఒక థర్మామీటరు కొనండి. 100.4 డిగ్రీలు ఉన్నా, దాటినా మాత్ర వేసి తెల్లారేదాకా చూడటం కుదరదు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. చాలా మందులతో కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య ఆ కణాలు బాగా తగ్గుతాయి. లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు రాత్రిపూట పడవ దొరకదు కాబట్టి ఆ రోజులు ఏటి ఇవతల చుట్టాలింట్లో ఉండటం మంచిది. పరామర్శకొచ్చేవాళ్ళలో జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళని గుమ్మంలోనే ఆపేయండి, ఏమనుకున్నా సరే. "ఫలానా వాళ్ళకీ ఇదే వచ్చింది, పోయారు" అనేవాళ్ళని కూడా.

నొప్పి ఉంటే ఓర్చుకోమనకండి, మార్ఫిన్ మాత్రలు డాక్టరు చెప్పినట్టు వాడితే అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. నిద్రపట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా 14416కి (మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అది ఉచితం. ఆ నంబరు రోగికే కాదు, రాత్రంతా మంచం పక్కన కూర్చునేవాళ్ళకీ పనికొస్తుంది.