షుగర్ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కు వెళ్లే ముందు

షుగర్ ఉన్న మనిషికి ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదికీ థియేటర్ గురించే టెన్షన్. కానీ పొరపాట్లు వార్డులోనూ జరుగుతాయి. ఇన్సులిన్ ఇచ్చేస్తారు, భోజనం ఆలస్యమవుతుంది. లేదా రాత్రంతా ఎవరూ షుగర్ చూడరు. అందుకే చేరే ముందే డాక్టరును సూటిగా అడగండి: "షుగర్ ఎవరు చూస్తారు? ఎన్ని గంటలకోసారి?"

మామూలుగా తింటున్నవాళ్లకు భోజనాల ముందు, పడుకునే ముందు చూడాలి. ఏమీ తినకుండా ఉంచితే 4 నుంచి 6 గంటలకోసారి. నరం ద్వారా ఇన్సులిన్ ఎక్కిస్తుంటే ఇంకా తరచుగా, అరగంట నుంచి 2 గంటల్లోపు. ఆస్పత్రిలో చాలామందికి 140-180 మధ్య ఉండేలా చూస్తారు. 70 కంటే దిగితే వెంటనే సరిచేయాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తాయి కదా అని ధీమాగా ఉండొద్దు. మత్తులో ఉన్న మనిషి ఏదీ చెప్పలేరు. బీటా బ్లాకర్ రకం బీపీ మందులు వణుకును, గుండెదడను బయటపడనీయవు. ఆపరేషన్ తర్వాత మరీ మగతగా ఉంటే, నిద్రపోతున్నారులే అనుకోకుండా ఒకసారి వేలు గుచ్చి చూడమని నర్సును అడగండి. ఇక్కడ మొహమాటం అస్సలు పనికిరాదు.

వాడుతున్న మందులన్నీ పేరు, మోతాదుతో రాసి ఇవ్వండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు సాధారణంగా ఆపరేషన్‌కు 3 రోజుల ముందే ఆపిస్తారు. ఆపకపోతే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. అప్పుడు షుగర్ అంతగా పెరగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే షుగర్ బాగానే ఉందన్న మాటతో ఊరుకోకండి, కీటోన్ పరీక్ష అడగండి. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) షుగర్ వాళ్లకు ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకూడదు, ఉపవాసంలో ఉన్నా సరే. ఏ మందైనా మీ అంతట మీరు ఆపొద్దు. స్టెరాయిడ్ ఇస్తే షుగర్ పెరుగుతుంది, ఆ రోజుల్లో ఎక్కువసార్లు చూడాలి.

పక్కన ఉండేవాళ్లు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. "రాత్రి 2 గంటలు, 212, ఇన్సులిన్ 6 యూనిట్లు, ఇచ్చింది ఫలానా నర్సు" అన్నట్టు రాయండి. ఎప్పుడు తిన్నారో కూడా రాయండి. మంచం దగ్గరి చార్టులో ఖాళీ గడి కనిపిస్తే అప్పుడే అడగండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా ఈ రాతలు పనికొస్తాయి, ఎందుకంటే పరిస్థితి విషమించినంత మాత్రాన ఆస్పత్రి నిర్లక్ష్యమని తేలదు. తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదని, హాని దానివల్లే జరిగిందని రెండూ చూపించాలి. అనుమానం వస్తే చార్టు, ల్యాబ్ రిపోర్టుల కాపీల కోసం ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగండి. దగ్గర పెట్టుకున్న ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయొద్దు.

డిశ్చార్జ్ రోజు ఇంటికెళ్లే హడావుడిలో ఉంటాం. ఏ మాత్ర ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి, షుగర్ ఎంతకు చేరితే ఫోన్ చేయాలి, ఏ నంబరుకు చేయాలి, ఈ మూడూ కాగితం మీద రాయించుకున్నాకే బయల్దేరండి.