చివరి 2 నిమిషాల ఫౌల్స్: కొత్త రెఫరీలకు సమస్య - పరిష్కారం

అనంతపురంలో కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు విజిల్ పట్టుకుని నిలబడేవాణ్ణి నేను. మూడు క్వార్టర్లు సాఫీగానే పోతాయి, నాలుగో దాంట్లో 2 నిమిషాలు మిగిలి తేడా రెండు పాయింట్లయ్యేసరికి రెఫరీ మీద గొడవ మొదలవుతుంది. ఎక్కువసార్లు తప్పు మనదే.

సమస్య: బాస్కెట్ కిందకి దూసుకెళ్లిన పిల్లాడి చేతి మీద దెబ్బ పడింది, విజిల్ రాలేదు.

కారణం: మ్యాచ్‌ని నేను తేల్చకూడదన్న భయం. కానీ ఊదకపోతే కూడా తేల్చినట్టే కదా, లాభం ఫౌల్ చేసినవాడికి పోతుంది. ఒకసారి నేనూ ఇట్లాగే ఊరుకున్నాను. మ్యాచ్ అయ్యాక ఆ పిల్లాడు వచ్చి, "సార్, ఫస్ట్ క్వార్టర్‌లో ఇదే దెబ్బకి మా వాడి మీద ఫౌల్ ఇచ్చారు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పరిష్కారం: 3వ నిమిషంలో పెట్టుకున్న కొలతే 39వ నిమిషంలోనూ. తగిలినందువల్ల షాట్, డ్రిబుల్, బ్యాలెన్స్ దెబ్బతిన్నాయా? అయితే ఊదండి. డిఫెండర్ తన చోటులోనే చేతులు నిటారుగా పెట్టి ఎగిరితే, జనం ఎంత అరిచినా అది ఫౌల్ కాదు.

సమస్య: వెనకబడిన టీమ్ గడియారం ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తోంది, పోనుపోను కొట్టుడు గట్టిదవుతోంది.

కారణం: మొదటి తగులుడుకి మీరు ఊదలేదు. టైమ్ పోతోందని వాడు రెండోసారి గట్టిగా పట్టుకుంటాడు, మూడోసారికి ఎవడో ఒకడు సిమెంట్ కోర్టు మీద పడి మోకాలు చీరుకుంటాడు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

పరిష్కారం: బంతి కోసం నిజంగా ప్రయత్నిస్తూ తగిలితే మామూలు ఫౌల్, వెంటనే ఇచ్చేయండి. క్వార్టర్‌లో అది 5వ టీమ్ ఫౌల్ (టీమ్‌లో అందరివీ కలిపి లెక్క) అయితే 2 ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు. బంతి వైపే చూడకుండా జెర్సీ లాగినా, నడుం పట్టుకున్నా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన) ఫౌల్: దెబ్బ తిన్న టీమ్‌కి 2 ఫ్రీ త్రోలు, పైగా బంతి కూడా వాళ్లకే. ఆఖర్లో ఎందుకులే అని దీన్ని మామూలు ఫౌల్‌గా తగ్గించకండి.

సమస్య: త్రో-ఇన్ (గీత బయట నుంచి బంతి లోపలికి వేయడం) జరగాలి, బంతి ఇంకా లోపలికే రాలేదు, కోర్టులో డిఫెండర్ ఒకణ్ణి పట్టేసుకున్నాడు.

పరిష్కారం: నాలుగో క్వార్టర్‌లోనూ ప్రతి ఓవర్‌టైమ్‌లోనూ చివరి 2 నిమిషాల్లో ఇది త్రో-ఇన్ ఫౌల్. 2022 ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్ నుంచి దీనికి 1 ఫ్రీ త్రో, తర్వాత బంతి. చాలామంది ఇప్పటికీ పాత పద్ధతిలో అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఇస్తున్నారు.

సమస్య: టీమ్ ఫౌల్స్ నాలుగా ఐదా అని స్కోరు రాసే టేబుల్ దగ్గర తగాదా.

పరిష్కారం: నాలుగో ఫౌల్ పడగానే రెండు బెంచీలకూ చెప్పేయండి. ఓవర్‌టైమ్‌లో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు, నాలుగో క్వార్టర్‌దే కొనసాగుతుంది.

సమస్య: ఫౌల్, బజర్ ఒకేసారి.

పరిష్కారం: బజర్‌తో పాటు పడిన ఫౌల్‌కైనా ఫ్రీ త్రోలు ఉంటే వేయించాల్సిందే. మన కోర్టుల్లో బోర్డు వెనక బజర్‌తో పాటు వెలిగే ఎర్ర లైటు ఉండదు కాబట్టి, ఆఖరి త్రో-ఇన్‌కి ముందే బజర్ ఎవరు చూడాలో, చేతులు ఎవరు చూడాలో తోటి రెఫరీతో మాట్లాడుకోండి.