బయోఫిజిక్స్ సమ్మర్ స్కూల్లో మొదటి ప్రాక్టికల్: పూసల కదలికతో బోల్ట్జ్‌మన్ స్థిరాంకం కొలవడం ఎలా?

బయోఫిజిక్స్ సమ్మర్ స్కూల్‌కు వచ్చే యువ పరిశోధకుల్లో కొందరికి సమీకరణాలు కొట్టిన పిండి, పిపెట్ మాత్రం కొత్త. ఇంకొందరి సంగతి దీనికి సరిగ్గా తారుమారు. ఈ రెండు రకాల వాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి బ్రౌనియన్ చలనం (నీటి అణువుల తాకిడికి చిన్న రేణువులు అటూ ఇటూ కదలడం) కొలిచే ప్రయోగాన్ని మించింది లేదు. ఆ కదలిక నుంచే ఉష్ణోగ్రతనూ శక్తినీ కలిపే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం వస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ ఈ కదలిక గురించి చెప్పిన సూత్రాన్నే ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పెరిన్ ప్రయోగాలతో నిర్ధారించాడు, 1926లో నోబెల్ అందుకున్నాడు. ఇప్పుడు అదే పని ఒక్క పూటలో చేయవచ్చు. ముగ్గురికో జట్టు చాలు. జట్టులో ఒక ఫిజిక్స్ మనిషి, ఒక బయాలజీ మనిషి తప్పకుండా ఉండాలి.

ముందు అంచనా, తర్వాతే కొలత

మైక్రోస్కోప్ ముట్టుకోకముందే ప్రతి జట్టూ కాగితం మీద ఒక లెక్క వేయాలి: 1 మైక్రోమీటరు వ్యాసం ఉన్న పూస 25 డిగ్రీల నీటిలో ఒక సెకనులో ఎంత దూరం జరుగుతుంది? బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని పరమ ఉష్ణోగ్రతతో గుణించి, దాన్ని 6 × పై × స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) × వ్యాసార్ధంతో భాగిస్తే వ్యాపన గుణకం (పూస ఎంత త్వరగా చెదురుతుందో చెప్పే అంకె) వస్తుంది: సెకనుకు సుమారు 0.49 చదరపు మైక్రోమీటర్లు. రెండు దిశల్లో చూస్తే సెకనులో స్థానభ్రంశం దాదాపు 1.4 మైక్రోమీటర్లు. ఈ అంకె చేతిలో లేకపోతే, తెర మీద కనిపించేది సరైనదో కాదో ఎవరూ చెప్పలేరు.

స్లైడ్ తయారీ

1 మైక్రోమీటరు పాలీస్టైరీన్ పూసల ద్రావణం సాధారణంగా 2.5 శాతం గాఢతతో దొరుకుతుంది. అందులో మిల్లీలీటరుకు సుమారు 4,500 కోట్ల పూసలుంటాయి. సీసాను బాగా కుదిపి, అల్ట్రాసోనిక్ బాత్‌లో 5 నిమిషాలు ఉంచండి. లేకపోతే పూసలు జంటలుగా, గుంపులుగా అతుక్కునే ఉంటాయి. తర్వాత 2 మైక్రోలీటర్లు తీసి 1 మిల్లీలీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. అప్పుడు 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఒక చూపులో పది, పదిహేను పూసలు కనిపిస్తాయి. ఉప్పు ఉన్న బఫర్ వాడకండి: పూసల మీది విద్యుదావేశాల వికర్షణను ఉప్పు కప్పేస్తుంది, దాంతో పూసలు ముద్దకడతాయి.

స్లైడ్ మీద 0.1 మిల్లీమీటరు మందం ఉన్న డబుల్ సైడ్ టేప్ ముక్కలు రెండు, మధ్యలో 5 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి అంటించండి. పైన కవర్ స్లిప్ పెట్టి, సుమారు 10 మైక్రోలీటర్ల ద్రావణాన్ని అంచు నుంచి లోపలికి పోనివ్వండి. రెండు చివరలనూ వాజలీన్‌తో పూర్తిగా మూసేయండి. చెడిపోయిన కొలతలకు పెద్ద కారణం ఇక్కడే ఉంటుంది. చిన్న సందు మిగిలినా నీరు ఆవిరవుతూ ప్రవాహం పుడుతుంది, పూసలన్నీ ఒకే వైపు కొట్టుకుపోతాయి.

రికార్డింగ్

ఫోకస్‌ను గాజు మీద కాక, రెండు గాజుల నడిమధ్యకు తేవాలి. గాజు దగ్గర నీరు పూసను పట్టి ఉంచుతుంది. పూస కేంద్రం గాజుకు 1 మైక్రోమీటరు దూరంలో ఉంటే కదలిక నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది, 10 మైక్రోమీటర్ల దూరంలో ఉంటే తేడా 3 శాతమే. పాలీస్టైరీన్ నీటికంటే కాస్త బరువు, పూసలు నిమిషానికి దాదాపు 2 మైక్రోమీటర్లు కిందికి దిగుతాయి. అందుకే స్లైడ్ కట్టిన పది నిమిషాల్లోపే రికార్డు చేయడం మంచిది.

సెకనుకు 30 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లలోపు, నిడివి 30 సెకన్లు. స్టేజ్ మైక్రోమీటరుతో (సన్నని కొలగీతలున్న స్లైడ్) పిక్సెల్ పరిమాణం కొలవండి. ఇందులో 5 శాతం తప్పితే ఫలితం 10 శాతం తప్పుతుంది, ఎందుకంటే దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. స్లైడ్ పక్కనే ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.00, 25 దగ్గర 0.89 మిల్లీపాస్కల్ సెకను. ఒక్క డిగ్రీ పొరపాటు 2 శాతం తేడా తెస్తుంది.

లెక్క

ఫిజీ (Fiji) అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోని ట్రాక్‌మేట్ ఉచితం, పూసల దారులు గీయడానికి అదే చాలు. ప్రతి ఫ్రేములో అన్ని పూసల సగటు కదలికను తీసేసి, సగటు వర్గ స్థానభ్రంశాన్ని (జరిగిన దూరాల వర్గాల సగటు) కాల వ్యవధికి ఎదురుగా గీయండి. గీత పైకి వంగితే ప్రవాహం మిగిలి ఉందని అర్థం. ఒక పూస గీత అడ్డంగా చదునైపోతే అది గాజుకు అతుక్కుంది, దాన్ని వదిలేయండి. మొదటి పది బిందువులకే సరళరేఖ గీయండి, ఎక్కువ కాల వ్యవధుల దగ్గర స్వతంత్రమైన కొలతలు చాలా తక్కువ. రేఖను మూలబిందువు గుండా బలవంతంగా పంపకండి, పూస స్థానం గుర్తించడంలోని లోపం అక్కడ చిన్న అంతరఖండంగా (రేఖ నిలువు అక్షాన్ని తాకే ఎత్తు) కనిపిస్తుంది. వాలును 4తో భాగిస్తే వ్యాపన గుణకం, మొదట వేసిన లెక్కనే తిరగేస్తే దాని నుంచి స్థిరాంకం వస్తాయి. అసలు విలువ కెల్విన్‌కు 1.38 × 10⁻²³ జౌళ్లు. పది శాతం లోపు వస్తే పని బాగా జరిగినట్టే.

మధ్యాహ్నం ఉల్లి పొర

ఇక జీవకణం. ఉల్లిరేకు లోపలి పొరను ఒలిచి, గాలి బుడగలు లేకుండా నీటిలో పరచండి. కణంలోని చిన్న రేణువులు కదలకుండా కనిపిస్తే కాసేపు ఆగండి, ఒలిచిన దెబ్బకు కణం లోపలి ద్రవ ప్రవాహం మందగించి ఉండవచ్చు. అదే పద్ధతిలో దారులు గీసి, రెండు అక్షాలనూ లాగరిథమ్‌లో పెట్టండి. వాలు 1 వస్తే సాధారణ వ్యాపనం, 2కు దగ్గరైతే ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువుల వెంట మయోసిన్ అనే ప్రోటీన్ మోటార్లు లాగుతున్న రవాణా.

ఇక్కడ పొద్దుటి అలవాటు ప్రమాదకరం. పూసల విషయంలో సగటు కదలికను తీసేయడం సరైన పని. ఉల్లి కణంలో అలా తీసేస్తే మనం వెతుకుతున్న ప్రవాహమే చెరిగిపోతుంది. తీసేయాల్సింది స్లైడ్ జరగడాన్ని మాత్రమే, అది కణ గోడ చెబుతుంది. గోడ మీద ఒక గుర్తును రేణువులతో పాటే ట్రాక్ చేసి, గోడ ఎంత కదిలితే అంతే తగ్గించండి.