బొటనవేలంత సైన్యం, మూడో పాఠం: తెల్ల ఎద్దుకు తెల్ల రంగు వెయ్యొద్దు

మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చి, నా బల్ల మీద రంగు ఆరుతున్న బొమ్మ ఎద్దును రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏంది మావా, దీనికి సున్నం కొట్టినావా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మూడు కోటింగులు వేశాను దానికి. కానీ వాడు కందుకూరు పక్క పల్లెలో, వాళ్ళ తాత వెనకాల బండలాగుడు పందేలకు తిరుగుతూ పెరిగిన పిల్లోడు. ఒంగోలు గిత్త ఎలా ఉంటుందో వాడికి నేను చెప్పేదేముంది? లైటు దగ్గర పెట్టుకుని చూస్తే వాడన్నది నిజమే. మెడ ఎక్కడ ఆగిందో, మూపురం ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. గంగడోలు మడతలన్నీ మాయం. అందుకే ఈసారి నేర్చుకుందామనుకున్న జెండాలు, డాళ్ళు పక్కన పెట్టి ముందు నీడల సంగతి చూద్దాం.

మొదటి రెండు పాఠాలు చేసినవాళ్ళ దగ్గర ఈపాటికి పన్నెండు మంది గొల్ల యోధులు, నాలుగు ఎద్దులు బూడిద రంగు ప్రైమరు (అసలు రంగు కింద వేసే పూత) వేసుకుని నిలబడి ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. మనవి బల్ల మీద ఆడే యుద్ధం ఆట కోసం 28 మిల్లీమీటర్ల బొమ్మలు. ఆ కొలత అరికాలి నుంచి కంటి దాకా. అడుగు బిళ్ళలకు 2011 సిరీస్ రెండు రూపాయల నాణెం సరిగ్గా 25 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, దాని చుట్టూ పెన్సిలు తిప్పి సన్‌బోర్డు కోసుకున్నాం. బయటి దేశాల శిల్పులు చేసే ఎద్దులకు మూపురం ఉండదు. ఎం-సీల్ ముద్ద చేసి మనమే పెట్టాం.

ఇక కథ. పదమూడో శతాబ్దం, నెల్లూరును మనుమసిద్ధి ఏలుతున్నాడు. గొల్లల దొర కాటమరాజు మందలు ఆయన బీళ్ళలో మేశాయి. పుల్లరి, అంటే మేత పన్ను, కట్టమన్నారు, కాటమరాజు కట్టనన్నాడు. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది. నెల్లూరు తరఫున కత్తి పట్టినవాడు ఖడ్గతిక్కన. మనది ఫ్యాంటసీ ఆట కాబట్టి ఎద్దులు కొమ్ములకు కత్తులు కట్టుకుని దిగుతాయి, అవతలి పక్షంలో సమాధుల్లోంచి అస్థిపంజరాలు లేస్తాయి. పండితులు క్షమించాలి. ఆ నెల్లూరు సైన్యాన్ని ఒంగోల్లో ఉన్న మా బావమరిది వేస్తున్నాడు. ఒక్కొక్కడికి కనురెప్ప వెంట్రుకలు కూడా గీస్తాడు. మూడేళ్ళలో ముగ్గురయ్యారు. చాలా గొప్పగా ఉన్నారు ముగ్గురూ, కానీ ముగ్గురితో యుద్ధం ఎవరు చేస్తారు?

రెండో పాఠం అయ్యాక ఒకాయన నన్ను మంచి ప్రశ్నే అడిగారు. నీడ మనం వెయ్యడం దేనికి, లైటు కింద పెడితే దానంతట అదే పడదా అని. పడుతుంది, కానీ చాలదు. మనిషి భుజం మీద కండువా మడత వేలెడు లోతు ఉంటుంది. బొమ్మ మీద అదే మడత అర మిల్లీమీటరు. గదిలో నాలుగు వైపుల నుంచీ వచ్చే వెలుతురు ఆ అర మిల్లీమీటరులోకి దూరి నీడను చెరిపేస్తుంది. పౌరాణిక నాటకానికి మేకప్ వేసే చోటికి ఎప్పుడైనా తొంగి చూశారా? దగ్గర్నుంచి దుర్యోధనుణ్ణి చూస్తే జడుసుకుంటాం. వేలెడు మందం కనుబొమలు, బుగ్గల కింద ఎర్రటి చారలు. ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి మాత్రం అదే సరైన ముఖం. ఆటలో మన కంటికీ బొమ్మకూ మధ్య మూడడుగుల దూరం ఉంటుంది. మనం రంగు వేసేది ఆ చాప మీద కూర్చున్నవాడి కోసం.

రంగులు నేను ఫెవిక్రిల్ చిన్న సీసాలు, కేమెల్ ఆక్రిలిక్ ట్యూబులు వాడతాను. ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి. బొమ్మల కోసమే వచ్చే విదేశీ రంగుల్లో పొడి మరీ మెత్తగా ఉంటుంది, తక్కువ కోటింగులతో కప్పుతాయి. డబ్బులుంటే కొనండి, లేకపోతే బెంగ పడక్కర్లేదు. నలుపు, తెలుపు, బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఎరుపు, వెండి. ఏడే. ఎనిమిదోది కొనాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. పన్నెండు మంది మీదా అవే రంగులు తిరిగితేనే వాళ్ళు ఒక దండులా కనబడతారు, లేకపోతే తిరునాళ్ళలో జనంలా ఉంటారు.

సీసాలోంచి తీసింది తీసినట్టు పూస్తే ముఖానికి మైదా పట్టించినట్టుంటుంది. నీళ్ళు కలపాలి. ఎంత అంటే, పాలగిన్నెను ఒకసారి వంచి మళ్ళీ నిలబెడితే గిన్నె గోడకు ఒక పొర పట్టుకుని నెమ్మదిగా కిందికి జారుతుంది చూశారా, అంత చిక్కదనం. బొటనవేలి గోరు మీద ఒక గీత లాగి చూడండి. కుంచె వెంట్రుకల చారలు మిగిలితే ఇంకా నీళ్ళు కావాలి. రంగు పారి గోరు అంచుల్లో పోగైతే ఎక్కువైపోయాయి. పల్చగా రెండుసార్లు వేస్తాం. మొదటి పొర కింద ప్రైమరు కనబడుతూనే ఉంటుంది, టెన్షన్ పడకండి.

కుంచె విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. చిన్న బొమ్మ కదా అని మూడు సున్నాల (000) అతి సన్న కుంచె కొంటారు. దాని కడుపులో రంగు నిలవదు, బొమ్మ దాకా వెళ్ళేలోపే ఆరిపోతుంది. మొన చక్కగా కుదిరే 2 నంబరు కుంచె ఒకటి, సన్న పనికి 0 ఒకటి చాలు.

మన వైపు అసలు శత్రువు ఫ్యాను. మే నెలలో అది లేకుండా కూర్చోలేం, వేస్తే రంగులు కలిపే పలక మీదే రంగు అట్టకడుతుంది. దీనికి తడి పలక చేసుకోండి. మూత ఉన్న స్వీట్ల డబ్బా తీసుకుని, అడుగున టిష్యూ కాగితాలు నాలుగు మడతలు పరిచి బాగా తడపండి. దాని మీద బేకరీలో కేకు కింద వేసే బటర్ పేపరు. రంగు ఆ పేపరు మీద పెట్టాలి. కింది నుంచి చెమ్మ అందుతూ ఉంటుంది, మూత పెడితే మర్నాటికి కూడా రంగు పచ్చిగానే ఉంటుంది. మూడో రోజుకు వాసన మొదలవుతుంది. మా ఆవిడ ఆ డబ్బాను ఒకసారి బయట పారేసింది కూడా. నీళ్ళు మారుస్తూ ఉండండి.

ఇప్పుడు గొల్లలు. ఒక్కొక్కణ్ణి మందు సీసా మూత మీద డబుల్ సైడ్ టేపుతో నిలబెట్టండి, బొమ్మను చేత్తో తాకే పనుండదు. వరినాట్లలో మునుం పట్టినట్టు పన్నెండు మందినీ వరసగా పెట్టి, ఒక రంగు తీసుకుంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే రంగు. పన్నెండోవాడి దగ్గరికొచ్చేసరికి మొదటివాడు ఆరిపోయి రెండో కోటింగుకు సిద్ధంగా ఉంటాడు. లోపలి నుంచి బయటికి రండి: ముందు ఒళ్ళు, తర్వాత పంచె, గొంగళి, తలపాగా. ఒంటి రంగుకు సియెన్నా, ఓకర్ సమానంగా, తెలుపు కొంచెం. మన ఎండలో మందలు కాసేవాళ్ళు, తెలుపుతో చెయ్యి బిగపట్టండి. తలపాగా ఎరుపు. ఎరుపు రంగుకు కప్పే గుణం తక్కువ, బూడిద ప్రైమరు మీద నేరుగా వేస్తే నాలుగు కోటింగులైనా పాలిపోయినట్టే ఉంటుంది. కింద ఒక పొర సియెన్నా వేసి దాని మీద వేయండి.

ఇవి ఆరాక వాష్, అంటే నీళ్ళలా పల్చన చేసిన రంగు. అంబర్ ఒక చుక్క, నీళ్ళు ఎనిమిది చుక్కలు, గిన్నెలు తోమే లిక్విడ్‌లో ముంచిన టూత్‌పిక్ మొన. ఆ సబ్బు లేకపోతే నీళ్ళు బిందువులుగా నిలబడిపోతాయి, ఉంటే మడతల్లోకి పారతాయి. ఒంటికి, పంచెకు, తలపాగాకు ధారాళంగా పట్టించండి. మిట్టల మీద నుంచి జారి పల్లాల్లో చేరుతుంది, మనకు కావలసిన నీడ అదే. ఎక్కడైనా మడుగు కట్టితే కుంచెను కడిగి, గుడ్డకు తుడిచి, దాని మొనతో పీల్చేయండి. వదిలేస్తే కాఫీ గ్లాసు అడుగున పడే మరకలాంటి చార మిగులుతుంది. ఈ ఒక్క పది నిమిషాలు మాత్రం ఫ్యాను ఆపాల్సిందే.

గొంగళికి వాష్ వద్దు. నలుపులో అంబర్ కలిపి పూసి, ఆరాక పొడి కుంచె పని చేద్దాం. ఫ్యాన్సీ షాపులో దొరికే చవక మేకప్ బ్రష్ దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. లేత బూడిద రంగులో అద్ది, పాత న్యూస్‌పేపరు మీద తుడవండి. ఇంకా తుడవండి. బ్రష్‌లో రంగేమీ మిగల్లేదు అనిపించినప్పుడు బొమ్మ మీద అడ్డంగా ఆడించండి. అంచుల మీదా, నేత గరుకు మీదా మాత్రమే సన్నగా అంటుకుని, గొర్రె బొచ్చు గొంగళి కళ్ళముందు లేస్తుంది. గొడ్డళ్ళు, ఈటె మొనలు కూడా ఇంతే: కింద నలుపు, పైన పొడి కుంచెతో వెండి, ఆఖర్న మిగిలిన వాష్.

ఎద్దు దగ్గరికి వద్దాం. మేనల్లుడు వెళ్ళిపోయాక నేను చేసిన మొదటి పని, రంగంతా గీకేసి మళ్ళీ ప్రైమరు వెయ్యడం. రెండో పని, మా వీధి చివర కట్టేసి ఉండే గిత్తను వెళ్ళి చూడడం. తెల్ల గిత్త తెల్లగా ఉండదు. తల, మెడ, మూపురం మీద బూడిద రంగు కమ్మి ఉంటుంది. మోకాళ్ళ దగ్గర నల్ల ఛాయ. మూతి నలుపు, గిట్టలు నలుపు, తోకకుచ్చు నలుపు, కళ్ళకు కాటుక పెట్టినట్టు నల్లటి అంచు. కొమ్ములు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి. మన ఫ్యాంటసీ ఎద్దులకు మూరెడు కొమ్ములు పెట్టాడు శిల్పి, దానికేం చెయ్యలేం.

తెలుపు పది చుక్కలకు నలుపు ఒక చుక్క, అంబర్ టూత్‌పిక్ మొనంత కలపండి. రెండేళ్ళ కింద సున్నం వేసిన గోడ వానకు తడిస్తే ఉండే రంగు వస్తుంది. ఎద్దు మొత్తానికీ ఇదే, పల్చగా రెండుసార్లు. చూడ్డానికి ఎద్దు జబ్బు పడ్డట్టుంటుంది. భయపడొద్దు.

రెండో పొర నీడ. ఆ రంగులోనే ఇంకాస్త నలుపు కలిపి, నీళ్ళు బాగా పోసి, 0 కుంచెతో మడతల్లో మాత్రమే గీయండి. మూపురం వీపును కలిసే చోట, గంగడోలు మడతల మధ్య, పొట్ట కింద, తొడల సందుల్లో. గొల్లలకు వేసినట్టు ఒళ్ళంతా వాష్ పట్టిస్తే తెలుపు మురికి పడుతుంది, మళ్ళీ శుభ్రం చెయ్యడం నరకం.

మూడో పొరకు మొదటి రంగులో దానికి సమానంగా తెలుపు కలపండి. నీడ గీసిన చోట్లు వదిలేసి, మిట్టలన్నీ కప్పండి. మెడ మీదా, మూపురం పక్కలా కొంచెం తక్కువ కప్పండి, అక్కడ బూడిద రంగు కనబడాలి. నాలుగోది అచ్చ తెలుపు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీదుందనుకోండి, ఎక్కడ తగులుతుంది? మూపురం కొన, వెన్ను గీత, తుంటి ఎముకలు, నుదురు. అంతే. నేను మొదటిసారి మూడు కోటింగుల తెలుపు పోశాను కదా, ఈసారి ఎద్దు మొత్తానికి రెండు చుక్కలు కూడా పట్టలేదు. దూరం నుంచి చూస్తే మాత్రం ఇదే తెల్లగా ఉంది.

మూతికీ గిట్టలకూ వేసే నలుపులో అంబర్ కలపండి, అచ్చ నలుపు బొగ్గు అంటించినట్టుంటుంది. కాటుక గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి పట్టుకోండి. చెయ్యి వణకదు.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఫోనులో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అందులో మూపురం, మెడ వేరువేరుగా కనబడితే పనైనట్టే. కలిసిపోతే నీడ ఇంకొక్కసారి.

వార్నిష్ ఐదో పాఠంలో ఉంది, ఇప్పుడే వెయ్యకండి. ముఖ్యంగా మన నవంబరు వానల్లో స్ప్రే జోలికి పోవద్దు. ఒకసారి ముసురు పట్టిన సాయంత్రం బాల్కనీలో మ్యాట్ (మెరవని) వార్నిష్ స్ప్రే కొట్టాను. గాలిలో చెమ్మకు తెల్లారేసరికి ఆరుగురు గొల్లలు పొగమంచులో నిలబడ్డట్టు తెల్లబడిపోయారు. కుంచెతో మెరిసే రకం (గ్లాసీ) వార్నిష్ పల్చగా పూస్తే మంచు విడిపోయింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే పాఠం లోపు గొల్లలందరికీ వాష్ దాకా, ఒక ఎద్దుకు నాలుగు పొరలూ అయిపోవాలి. మిగతా మూడు ఎద్దులూ ఒకేసారి వెయ్యండి, మొదటిదాని తప్పులు తెలిశాక.

మా మేనల్లుడు ఈ వారం మళ్ళీ వచ్చాడు. కొత్త ఎద్దును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. "ఇప్పుడు గిత్తలాగుంది మావా. ముక్కుతాడు యాడ?" అన్నాడు. కుట్టుమిషను దారం ఫెవికాల్‌లో ముంచి పెడితే నిలుస్తుందా, సన్న రాగితీగ కావాలా అని రెండూ పెట్టి చూస్తున్నాను. వచ్చే పాఠానికి మీరూ రెండూ తెచ్చి పెట్టుకోండి.