టి.నగర్‌లో బట్టలు కొనాలంటే టేపు తెచ్చుకోండి

నెల్లూరు నుంచి మా పిన్ని కూతుళ్ళు బట్టలకి మద్రాసు బయల్దేరితే ముందు నాకు ఫోన్ చేస్తారు. తాంబరం దగ్గర ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు క్వాలిటీ చెకింగ్ చేశాను. ఆ అలవాటుకొద్దీ ఏ షాపులోనైనా బట్టని ముందు లోపలికి తిప్పి చూస్తాను. సేల్స్ అమ్మాయిలకి ఇది అస్సలు నచ్చదు.

రైలెక్కే ముందు ఇంట్లో ఒక పని చేయండి. మీకు చక్కగా సరిపోయే కుర్తీ ఒకటి మంచం మీద ముడతల్లేకుండా పరచండి. చంక కుట్టుకి అంగుళం కింద, ఈ చివర నుంచి ఆ చివరికి టేపు పెట్టండి. వచ్చిన దాన్ని రెట్టింపు చేస్తే ఛాతీ కొలత. భుజం, చెయ్యి, పొడవు కూడా కొలిచి ఫోన్‌లో రాసుకోండి. ఒంటికి చుట్టి తీసిన కొలత కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే షాపులో కొలిచేది బట్టనే.

ట్యాగ్ మీద సైజుకి వేసే ఎమ్, ఎల్ అక్షరాలని మాత్రం నమ్మకండి. మా అక్క న్యూజెర్సీ నుంచి తెచ్చిన ఎమ్ టీషర్టు నాకు నైటీలా ఉంది. అదే కంపెనీ ఎమ్ వేళచ్చేరి మాల్‌లో కొంటే సరిగ్గా పట్టింది. జారా ప్యాంటు ట్యాగ్ చూడండి: యూరప్ 38, అమెరికా 6, మెక్సికో 28, మూడూ ఒకే ప్యాంటు! మగవాళ్ళ చొక్కాల్లో ఇంకో తిరకాసు. చాలా కంపెనీల ఫార్మల్ చొక్కా మీద 40 అంటే కాలర్ సెంటీమీటర్లు, క్యాజువల్ చొక్కా మీద 40 అంటే ఛాతీ అంగుళాలు. మా ఆయన ఇప్పటికీ పొరబడతాడు. ఫ్యాక్టరీ గుట్టు ఒకటి కూడా చెప్తాను. కొలతల్లో కాస్త అటూ ఇటూ అయినా పాస్ చేసేవాళ్ళం, కాబట్టి ఒకే పెట్టెలోని రెండు ఎమ్‌ల మధ్యే అంగుళం తేడా వచ్చేది. అందుకే ఒకటి బిగుతైతే అదే సైజులో ఇంకోటి అడగండి.

మాంబళం స్టేషన్‌లో దిగితే టి.నగర్ రంగనాథన్ వీధి ఎదురుగానే ఉంటుంది. అక్కడి చిన్న షాపుల్లో 'ట్రయల్ ఇల్లమ్మా' (వేసుకుని చూడ్డం కుదరదమ్మా) అనేస్తారు. టేపు అవసరం అక్కడే. తిరుప్పూర్ ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ (ఎగుమతికి కుట్టగా మిగిలిన సరుకు) అని లేబుల్ కత్తిరించి అమ్మేవి చాలావరకు బయటి దేశాల వాళ్ళ కొలతలతో కుట్టినవి. వాటిలో ఒక సైజు తక్కువ చూడండి.

ఇక గుడ్డ సంగతి. టీషర్టుకి 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) ఉంటే మంచి మందం, 140 అయితే పలచన. ట్యాగ్ మీద ఆ నంబరు లేకపోతే లోపల చెయ్యి పెట్టి చూడండి. వేళ్ళు స్పష్టంగా కనిపిస్తే వదిలేయండి. మద్రాసు ఉక్కకి పాలిస్టర్ వేసుకుంటే నరకమే. ప్యూర్ కాటన్ అని చెప్పి అమ్మినా సరే, అంచు లోపల వేలాడే ఒక పోగు లాగి ఇంటికి తెచ్చి కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే కాటన్, కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది, అక్కడే నేనూ మోసపోయాను. ఒక షాపులో కాటన్ అంటే నమ్మి కొన్న కుర్తీ మొదటి ఉతుకుకే రెండంగుళాలు కుదించుకుపోయింది. బిల్లు పట్టుకెళ్తే 'ఉతికింది తీసుకోం' అన్నారు. రేయాన్ ఒంటికి జారుతూ, చల్లగా తగులుతుంది. దాన్ని కొంటే పొడవు కాస్త ఎక్కువున్నది తీసుకోండి.

చివరగా పక్క కుట్టు చూడండి. మన కుర్తీల్లో చాలావాటికి లోపల అంగుళం దాకా మిగులు వదులుతారు, విప్పి లూజు చేసుకోవచ్చు. విదేశీ బ్రాండ్లలో ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచుకి వేసే కుట్టు) వేసి అంచుదాకా కత్తిరించేస్తారు, బిగుతైతే చేయగలిగేదేమీ లేదు. సందేహంగా ఉంటే పెద్దదే కొనండి. బిగించడం ఏ టైలరైనా చేస్తాడు.

టేపు మర్చిపోయి వచ్చేవాళ్ళు మీ జాన ఎన్ని అంగుళాలో ముందే కొలిచి పెట్టుకోండి. నాది ఎనిమిది.